ఎర్ర సిరా లేని నోటుబుక్కు

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు వ్యాసమంటే గైడు చూసి బట్టీ కొట్టడమే. డిగ్రీలో ఒకసారి “మీ ఊరి గురించి రాయండి” అన్నారు. మా ఊరు ఏ గైడులోనూ లేదు. గంటసేపు కూర్చుని నాలుగు వాక్యాలు రాస్తే, వాటి నిండా ఎర్ర గీతలు.

అందుకే పీటర్ ఎల్బో ‘రైటింగ్ వితౌట్ టీచర్స్’ (1973) చదువుతుంటే నాకోసమే రాశాడేమో అనిపించింది. ఆయనా రాయలేక హార్వర్డ్‌లో పై చదువు మధ్యలో వదిలేసినవాడే. ఆయన చెప్పే మందు సులువు: పది నిమిషాలు పెన్ను ఆపొద్దు, దిద్దొద్దు. ఏమీ తోచకపోతే తోచట్లేదనే రాయాలి. రాయడం, దిద్దడం ఒకేసారి చేయబోయి రెండూ చెడగొట్టుకుంటున్నామన్నది ఆయన వాదన.

మూడు నెలలు అలా డైరీ రాశాను. భయం పోయింది. వ్యాసం మాత్రం రాలేదు.

ఎల్బో ఊహించుకున్న రచయితకి ఇంగ్లీషు ముందే వచ్చు. అతని పెన్ను ఆగేది లోపల కూర్చున్న దిద్దుబాటుదారు వల్ల. నా పెన్ను ఆగేది మాట దొరక్క. పైగా తెలుగులో లేని ‘ఎ’, ‘ద’లు ఎంత వేగంగా రాసినా వాటంతట అవి చోటు వెతుక్కోవు. తప్పు కూడా అలవాటైపోతుంది. పుస్తకంలో నాకు వెలితిగా అనిపించింది ఇదే.

ఒక రోజు మా అమ్మమ్మ గురించి రాస్తూ ‘మొహమాటం’ దగ్గర ఆగాను. ఆ మాట తెలుగులోనే రాసేసి ముందుకెళ్లా. తర్వాత నిఘంటువు చూస్తే ఏ ఒక్క మాటా సరిపోలేదు. చుట్టం అప్పు అడిగితే, ఇంట్లో లేకున్నా పక్కింట్లో చేబదులు తెచ్చి మరీ ఇచ్చిన సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క మాటకి పేజీ పట్టింది. నా మొదటి వ్యాసం అదే.

మళ్ళీ పుస్తకం తెరిస్తే, నేను దాటేసిన భాగం కనబడింది. రాసింది చదివి, దాని గురుత్వ కేంద్రం ఎక్కడుందో పట్టుకుని, ఒక్క వాక్యంలో పెట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలెట్టమంటాడు ఎల్బో. రాసింది నలుగురికీ చదివి వినిపించి, వాళ్ళకేమనిపించిందో వినమంటాడు. పది నిమిషాల రాత ఆయన దృష్టిలో వ్యాసం కాదు, ముడిసరుకు. రోజూ డైరీ రాస్తే చాలు, వ్యాసం అదే వస్తుందనుకునేవాళ్ళు ఈ సగాన్నే వదిలేస్తున్నారు. నేనూ వదిలేశాను.

ఆ పేజీ ఒక స్నేహితురాలికి చదివి వినిపించాను. “మరి ఆ అప్పు తీర్చారా?” అంది. నా ఇంగ్లీషు చదివి తప్పు చూపించకుండా తర్వాతేమైందని అడిగిన మొదటి మనిషి ఆమే. జవాబు రాయడానికి ఇంకో పేజీ పట్టింది. తర్వాత ‘ద’లు సరిచూసుకున్నాను, ఈసారి నా పెన్నుతోనే.