లక్ష్మి పక్కన ఏనుగు

మొన్న తరగతిలో, రవివర్మ 1896లో వేసిన లక్ష్మి ప్రస్తావన వచ్చినప్పుడు, "దేవతల పటంలో విమర్శించడానికి ఏముందండీ? మూఢవిశ్వాసం అంటే సరిపోతుంది కదా!" అన్నాడొక విద్యార్థి. సరిపోదు. పటాన్ని తోసిపుచ్చడం తేలిక, చదవడమే కష్టం.

కొలనులో విచ్చిన తామరపై చతుర్భుజాలతో లక్ష్మి నిలుచున్నది. పై చేతులలో తామరలు. కింది చేతులు అభయమూ వరమూ ఇస్తున్నవి. చీరకట్టూ నగలూ నాటి సంపన్న గృహిణివి. పక్కన ఒక ఏనుగు తొండంతో పూలదండ పట్టుకొని ఉన్నది. చూసేవారి కళ్ళు దేవి ముఖం మీదనే ఆగుతవి. నన్ను ఆపింది మాత్రం ఆ ఏనుగు.

అది చాలా పాత ఏనుగు. క్రీస్తుకు పూర్వమే భర్హుత్, సాంచి శిల్పాలలో తామర మీది స్త్రీకి ఇరువైపులా రెండు ఏనుగులు కుండలతో నీళ్ళు పోస్తున్నవి. ఏనుగు మేఘానికి ప్రతీక. తామర నీటికీ బురదకూ ప్రతీక. వాన కురిసి నేల పండితే ఆ పంటే శ్రీ. శ్రీసూక్తంలో బంగారం లేదా అని పండితులు అడగవచ్చు. ఉన్నది. కాని ఆవుల సరసన, గుర్రాల సరసన ఉన్నది. పైగా అక్కడ ఆమె కొడుకు కర్దముడు, అనగా బురద! ధాన్యానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

రవివర్మ ఏనుగు నీళ్ళు పోయడం మానేసింది. ఉత్పత్తిలో పాలుపంచుకున్న ప్రాణి కొలువులో అలంకారమైంది. తిరువాన్కూరు, బరోడా, మైసూరు సంస్థానాలకు బొమ్మలు వేసిన చిత్రకారునికి ఏనుగు అట్లా కనిపించడం వింతేమీ కాదు. తర్వాతి కాలెండర్లలో దేవి అరచేతి నుంచి నాణాలు రాలసాగినవి. రవివర్మ పటంలో అవి లేవు. వాన వెనుక పొలమూ, పొలంలో మనిషీ కనిపిస్తారు. నాణెం తన వెనుక ఉన్న మనిషిని చూపించదు.

అయితే, ఇంతమాత్రాన రవివర్మను పారవేయాలనే మిత్రులతో నేను ఏకీభవించను. 1894లో బొంబాయిలో ఆయన అచ్చుయంత్రం పెట్టించాడు. తిరువాన్కూరులోనే అంటరానివారన్న కులాలకు ప్రభుత్వ దేవాలయాలు తెరుచుకున్నది 1936లో. అంతకు నలభై ఏళ్ళనాడే, డబ్బు పెట్టగలిగినవాడిని అచ్చుపటం కులం అడగలేదు. గర్భగుడి గడప దాటి దేవతను బయటికి తెచ్చింది, నేనింతసేపూ నిందించిన ఆ నాణెమే. మన విమర్శకులలో చాలామంది ఈ చిక్కును ముట్టుకోకుండా తప్పుకుపోతున్నారు.

నేటి దుకాణాలలో గల్లాపెట్టె మీది పటాలు చూడండి. కొన్నిటిలో ఏనుగులు మళ్ళీ రెండై కుండలెత్తినవి. నీళ్ళు దేవి తల మీద పడుతున్నవి. పాదాల వద్ద రాశి పడుతున్నవి మాత్రం నాణాలే.