తిరగబెట్టే విరేచనాలకు మందు పరీక్ష

ఏదో జబ్బుకు వాడిన యాంటీబయాటిక్ పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులనూ ఊడ్చేస్తే, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి విషాలు వదులుతుంది. నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం పట్టుకుంటాయి. మందుకు బ్యాక్టీరియా చస్తుంది గాని దాని సిద్ధబీజాలు చావవు. జబ్బు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది అందుకే.

దీనికి వాడే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నరానికి ఎక్కించి లాభం లేదు, పెద్దపేగుకు చేరదు. మింగిస్తే రక్తంలోకి పెద్దగా ఇంకకుండా నేరుగా అక్కడికే పోతుంది. కొత్త మందును సాధారణంగా దానితోనే పోల్చి చూస్తారు. మంచం పట్టిన మనిషికి ఉత్తుత్తి మాత్ర మాత్రమే ఇచ్చి చూడటం అన్యాయం కదా.

2011లో ఫలితాలు వెలువడిన, ఫిడాక్సోమైసిన్ అనే కొత్త మందు పరీక్షలో అమెరికా, కెనడాల నుంచి 629 మందిని చేర్చుకున్నారు. 24 గంటల్లో మూడుకు మించి విరేచనాలు, మలంలో విషం ఉన్నవారినే తీసుకున్నారు. వైద్యం 10 రోజులు. వాంకోమైసిన్ రోజుకు నాలుగు సార్లు, కొత్త మందు రెండు సార్లే. ఆ లెక్కతో ఎవరికి ఏది ఇస్తున్నారో బయటపడుతుంది గనుక కొత్త మందు వారికి మధ్యమధ్యలో మందులేని క్యాప్సూళ్లు ఇచ్చారు. ఇది చాదస్తం కాదు. ఇక్కడ కొలత చాలావరకు రోగి చెప్పే విరేచనాల లెక్కే. ఏ మందో తెలిస్తే ఆ లెక్కా మారుతుంది.

నయమైనవారు కొత్త మందుతో 88.2 శాతం, పాతదానితో 85.8 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. అసలు తేడా తర్వాతి నాలుగు వారాల్లో తేలింది: తిరగబెట్టినవారు కొత్త మందుతో 15.4 శాతం, పాతదానితో 25.3 శాతం. అయితే ఎన్‌ఏపీ1 అనే మొండి రకం సోకినవారిలో ఆ మేలు కనిపించలేదు.

రిడినిలజోల్ అనే మరో మందు కథ వేరు. అదీ తిరగబెట్టడాన్ని తగ్గించింది. కానీ నయమై, మళ్లీ రాకుండా నిలిచినవారు 73 శాతం, వాంకోమైసిన్‌తో 70.7. తానే మెరుగని రుజువు చేసుకోవడానికి ఆ తేడా చాలలేదు.

ఇలాంటి పరీక్షలో హైదరాబాద్‌లోని అత్తాపూర్ మనిషి చేరితే 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నిబంధనలు వర్తిస్తాయి. నైతిక సంఘం ఆమోదం ఉండాలి, పరీక్ష దేశంలోని క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదై ఉండాలి. తెలుగో ఉర్దూవో, తనకు అర్థమయ్యే భాషలో అంతా వివరించాకే సంతకం తీసుకోవాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం. చిక్కు మాత్రం వైద్యం ముగిశాక గమనించాల్సిన ఆ నాలుగు వారాల దగ్గరే. తెల్లవారకముందే శంషాబాద్ విమానాశ్రయానికి బండి తీసే డ్రైవర్ విరేచనాలు ఆగాక ఆసుపత్రి ముఖం చూడటం కష్టం. వేళ చూసుకుని ఫోన్ చేయడం, మళ్లీ మొదలైతే ఆ రోజే మలం నమూనా తెప్పించుకోవడం పరీక్ష నడిపేవారి పని.