‘రాజీ’ చిత్రంలో గూఢచర్యం – కచోపాఖ్యానం: ఒక తులనాత్మక పరిశీలన

హరీందర్ సిక్కా 2008లో వెలువరించిన ‘కాలింగ్ సెహ్మత్’ నవల ఆధారంగా మేఘనా గుల్జార్ 2018లో ‘రాజీ’ హిందీ చిత్రాన్ని రూపొందించారు. 1971 యుద్ధానికి ముందు కశ్మీరీ యువతి సెహ్మత్ పాకిస్తాన్ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లి భారతదేశానికి సమాచారం చేరవేయడం ఇందులోని ఇతివృత్తం. ఈ కథా నిర్మాణాన్ని ఆదిపర్వంలోని కచోపాఖ్యానంతో పోల్చి చూడడం ఈ వ్యాస లక్ష్యం.

శత్రువుల మధ్యకు వెళ్లేవాడు మారుపేరుతో, మారువేషంతో వెళ్తాడన్నది గూఢచారి కథల్లో సాధారణ సూత్రం. ఈ రెండు కథలూ ఆ సూత్రాన్ని పాటించవు. కచుడు బృహస్పతి కుమారుడినని చెప్పుకొనే శుక్రాచార్యుని శిష్యుడయ్యాడు. సెహ్మత్ కూడా తన పేరుతోనే, హిదాయత్ ఖాన్ కూతురిగానే సయ్యద్ కుటుంబంలో అడుగుపెట్టింది. దాచినది పేరును కాదు, ఉద్దేశాన్ని. అందువల్ల కథలోని ఉత్కంఠ గుట్టు బయటపడుతుందా అన్న ప్రశ్నతో ముగిసిపోదు. ఆప్యాయతలో ఎంత నిజం, ఎంత నటన అన్న ప్రశ్నగా నెమ్మదిగా రాజుకుంటుంది.

ఈ యుద్ధ నేపథ్యానికి తెలుగు నేలతో సంబంధం ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరులో మునిగిపోయింది విశాఖపట్నం సమీప సముద్రంలోనే. సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ (2017) ఆ ఘట్టాన్ని జలాంతర్గామి లోపలి పోరాటంగా చూపింది. ‘రాజీ’ అదే యుద్ధాన్ని వంటింటికి, పడకగదికి, స్నానాల గదికి తెచ్చింది. సెహ్మత్ సైనికుల పిల్లలకు దేశభక్తి గీతం నేర్పే సన్నివేశం ఇందుకు పరాకాష్ఠ. పాట ఒకటే, పాడేవారి మనసులోని దేశాలు రెండు. ‘వతన్’ అన్న మాటకు సరిహద్దు లేకపోవడమే అక్కడి ధ్వని.

కచుడు దేవయాని ప్రేమను నిరాకరించి విద్యతో వెళ్లిపోయాడు. ఆ విద్య తనకు ఫలించదన్న శాపం పొందాడు. అతని నుండి నేర్చిన వారికే అది ఫలించింది. గూఢచారి తెచ్చిన ఫలం గూఢచారికి దక్కదన్న సత్యం సెహ్మత్‌కూ వర్తిస్తుంది. అయితే ఒక ప్రధాన భేదం ఉంది. సెహ్మత్ ఒకేసారి కచుడు, దేవయాని కూడా. మోసగించినదీ, ప్రేమించినదీ ఆమే. సేవకుడు అబ్దుల్‌ను చంపి కుప్పకూలినప్పుడు, భర్త ఇక్బాల్ మరణాన్ని కళ్లారా చూసినప్పుడు ఆమెను శపించడానికి మరొకరి అవసరం లేకపోయింది.

చిత్రంలోని లోపం కూడా ఈ పోలికలోనే తేటపడుతుంది. నన్నయ దేవయానికి నిలదీసే మాటనూ, శపించే అధికారాన్నీ ఇచ్చాడు. సెహ్మత్ చేతిలో భర్తను కోల్పోయిన తోడికోడలు మునీరాకు చిత్రం అటువంటి మాట ఇవ్వలేదు. వంచితుల దుఃఖం మనకు వంచించినవారి పశ్చాత్తాపం ద్వారానే అందుతుంది. శత్రుదేశపు ఇంటిని మానవీయంగా చిత్రించిన రచన ఆ ఇంటి స్త్రీ గొంతును విడిచిపెట్టడం విచారించదగినది.

‘రాజీ’ అంటే ఉర్దూలో సమ్మతించిన వ్యక్తి. తెలుగులో ఇరుపక్షాల ఒడంబడిక. తండ్రి మాటకు సమ్మతించి బయలుదేరిన సెహ్మత్ చివరకు తన మనసుతో ఒడంబడిక కుదరక ఒంటరిగా మిగిలింది. తెలుగు పాఠకునికి ఈ శీర్షికలో రెండర్థాలూ వినిపిస్తాయి. చిత్రం మొదటి అర్థంతో మొదలై, రెండవది అసాధ్యమని తేల్చి ముగుస్తుంది.