డే మత్స్యగ్రంథము – చిన్న చేపల పెరుగుదల

మన దేశపు చేపలను గుర్తింపగోరు వారికి ఫ్రాన్సిస్ డే రచించిన "ది ఫిషెస్ ఆఫ్ ఇండియా" నేటికిని ముఖ్యమైన ఆధారము. మద్రాసు సైన్యమున వైద్యుడుగా పనిచేసి, పిదప భారత మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డే దీనిని 1875-1878 మధ్య భాగములుగా వెలువరించెను. పొలుసుల వరుసలు, రెక్కలలోని ముళ్ళు, దంతములు మున్నగువాని లెక్కలో ఆయన చూపిన ఓర్పు మెచ్చదగినది. దేశభాషలలోని పేర్లను, తెలుగు పేర్లతో సహా, చేర్చుట మరియొక గుణము.

అయితే ఖమ్మం, భద్రాచలం అడవులలో పారు కిన్నెరసాని వంటి ఏటిలో దొరకిన చిన్న చేపను చూపి, "ఇది ఏమి తినును? ఎట్లు పెరుగును?" అని విద్యార్థి అడిగినచో ఈ గ్రంథము చెప్పునది స్వల్పము. సాధారణముగా వర్ణన చివర చేప ఎంత పొడవగునో అంగుళములలో ఒక అంకె ఉండును. అది గరిష్ఠ పరిమాణమే కాని పెరుగుదల కాదు. ఆ పొడవు ఒక ఏడాదిలో వచ్చినదో, మూడేండ్లలో వచ్చినదో దానివలన తెలియదు.

ఇంతకన్న చిక్కైనది పేర్ల విషయము. రాళ్ళ వాగులలోని గారా ప్రజాతి చేపలలో పలువాటికి క్రింది పెదవి వెనుక గుండ్రని చూషకము ఉండును. వానితో అవి రాతిని పట్టుకొని, వడికి కొట్టుకొనిపోక, రాతిమీది నాచును గీకి తినును. నాచు తిను చేపల ప్రేవు పొడవై చుట్టలుగా ఉండును. పురుగులను తిను చేపల ప్రేవు పొట్టిది. 1839లో సైక్స్ దక్కను నుండి వర్ణించిన 'ముల్యా'ను, ఇతర ప్రాంతముల గారాలను డే "డిస్కోగ్నాథస్ లమ్టా" అను ఒకే పేరు క్రింద చేర్చెను. 1921లో సుందర్‌లాల్ హోరా వీనిని మరల పరిశీలించి వేరుచేసెను. పలు జాతులు ఒక పేరున కలిసినపుడు దాని క్రింది కొలత ఏ చేపదని చెప్పవలెను? హిమాలయపు వాగులోని చేప కొలత కిన్నెరసాని చేపకు చెల్లదు గదా!

లోపమంతయు డేది కాదు. ఆయన 1889లో మరణించెను. ఒకచోటి చేపలను పొడవునుబట్టి గుంపులు చేసి వయస్సును అంచనా వేయు పద్ధతిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ ప్రచురించినది 1890 తరువాతనే.

కావున ఉపాధ్యాయులు డే గ్రంథమును లక్షణములకు, హోరా సవరణను పేర్లకు వాడుకొని, తక్కినది వాగు వద్దనే నేర్పవలెను. అభయారణ్యము వెలుపల, ఒకే మడుగులో, నెలకొకమారు అదే సన్నకన్నుల వలతో చేపలను పట్టి, పొడవు కొలిచి వదలిపెట్టవచ్చును. వానల పిదప కనిపించు పిల్లల గుంపు నెలనెలకు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగినదో గీసిన పటమే ఆ వాగులోని చేప పెరుగుదలను తెలుపును.