గట్టు మీది కొత్త మన్ను

హుగ్లీ మీద బడ్జ్ బడ్జ్ దాటి కలకత్తా రేవు చేరే ఓడల్లోంచి ధాన్యం దిగితే, గోదాముల్లో దాని కోసం కాచుక్కూర్చునేది పందికొక్కు. జె. జువాన్ స్పిల్లెట్ అనే పరిశోధకుడు కలకత్తా పందికొక్కుల మీద చేసిన అధ్యయనం 1968లో అచ్చయింది. ఈ పందికొక్కు శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరిగట్లను తొలిచేదీ అదే.

ఉచ్చు అనగానే అందరికీ ఇనప పళ్ళే గుర్తొస్తాయి. కెనడాలో వేటాడిన జంతువుల బొచ్చు చర్మాల వ్యాపారం కోసం 1670లో ఏకంగా హడ్సన్స్ బే కంపెనీయే పుట్టింది. అయితే కెనడా వేటగాడైనా, నెల్లూరు యానాది అయినా ముందు నేర్చేది నేలను చదవడమే.

పందికొక్కులు పట్టే యానాదులు కనిపించిన కన్నమల్లా తవ్వరు. పందికొక్కు లోపలుంటే కన్నం మూతికి మన్ను అడ్డం వేసుకుంటుంది. బయట తడి ఆరని మన్ను కుప్ప ఉందంటే లోపల సంసారం సాగుతున్నట్టే. సాలెగూడు కట్టిన కన్నం పాడుబడ్డ ఇల్లు. తక్కిన దారులన్నీ మూసేసి, అడుగున చిల్లున్న కుండలో గడ్డి కూరి అంటిస్తారు. కుండ మూతిని కన్నానికి ఆనించి, చిల్లులోంచి ఊది పొగను లోపలికి పంపుతారు. తర్వాత తవ్వితే పందికొక్కుతో పాటు అది దాచుకున్న వరి కంకులూ దొరుకుతాయి. కూలి కూలీ, గింజలు గింజలూ!

ఇంకో పద్ధతి వెదురు బుట్ట ఉచ్చు. అందులో వంచిన బద్ద, తాడు, ఎర ఉంటాయి. ఎర లాగితే బద్ద విడివడి తాడు బిగుస్తుంది. పనితనమంతా బుట్ట పెట్టే చోటులో ఉంది. జంతువు రోజూ నడిచే దారిలో, గట్టు వారగా పెట్టాలి. ఎలుకజాతికి కొత్త వస్తువంటే అనుమానం. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు వాడే రైతులు ముందు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేసేది అందుకే.

బొచ్చు జంతువుల సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు వేయడం, ఎర పెట్టడం కూడా వేటే. కుంచెల వెంట్రుకల కోసం ముంగిసను పట్టినా నేరమే.

తీగ ఉచ్చుకు ఇవేవీ తెలియవు. అడవిపందికి వేసిన దాంట్లో చిరుతపులి చిక్కిన వార్తలు మనకు కొత్త కాదు. బడ్జ్ బడ్జ్‌కు నది అవతలి హౌరా జిల్లాలోనూ, మన కోరింగ మడ అడవుల్లోనూ బావురుపిల్లి తిరుగుతుంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువది. దాని దారిలో ఎవరైనా తీగ బిగిస్తే, పడ్డదేమిటో తెల్లారాక గానీ తెలియదు. పొగకుండ పట్టినవాడు కన్నం దగ్గరే ఉంటాడు, బయటికొచ్చింది ముంగిస అయితే అక్కడికక్కడే పోనివ్వగలడు.