డాలు వెనకవైపు

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె నలగకుండా దొరికిందంటే ఆ రోజు మా ఇంట్లో పండగే. నాచారం పారిశ్రామికవాడ నుంచి చిల్కానగర్ మీదుగా ఉప్పల్‌కు వస్తూ తుక్కు కొట్ల ముందు బండి ఆపడం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. అక్కడ అట్టను తూకానికి కొంటారు, తూకానికే అమ్ముతారు. నేను మాత్రం తూకం చూడను, అంచు చూస్తాను. రెండు కాగితాల మధ్య అలల వరస ఒక్కటే ఉంటే అది త్రీ ప్లై, రెండుంటే ఫైవ్ ప్లై. బొటనవేలితో నొక్కినప్పుడు కాస్త ఎదురు తిరగాలి. మెత్తగా లొట్టపడి అలాగే ఉండిపోతే దానికి ఎప్పుడో తడి తగిలిందన్నమాట. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకూడదు.

ఆ అట్టతో నేను చేసేది డాళ్లు. బడి వార్షికోత్సవాలకు, వినాయక చవితి పందిళ్లలో కాలనీ పిల్లలు వేసే నాటకాలకు. రుద్రమదేవి, పల్నాటి బాలచంద్రుడు, బొబ్బిలి పాపారాయుడు, ఎవరు రంగం మీదికి రావాలన్నా కుడిచేతికి కత్తి, ఎడమచేతికి డాలు కావాలి. కత్తి చేయడం తేలిక. ఒక చెక్క బద్ద, కాస్త వెండి కాగితం చాలు. డాలు అలా కుదరదు. చూడ్డానికి ఇనుములా ఉండాలి, మోయడానికి అట్టలా ఉండాలి. ఎదుటివాడు కొట్టినప్పుడు చెక్కలా నిలబడాలి.

ఇది నాకు తెలిసింది ఒక దెబ్బ తిన్నాకే. ఇరవై ఏళ్ల కిందట చవితి పందిట్లో బొబ్బిలి యుద్ధం వేశాం. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలిన కథ కాబట్టి కత్తియుద్ధం లేకుండా కుదరదు. డాలు నేనే చేశాను. ముందువైపు పూలు, లతలు, బంగారు రంగు అంచు, మూడు రాత్రుల పని. వెనక మాత్రం అట్టకే రెండు స్క్రూలు బిగించి నైలాన్ పట్టీ కట్టేశాను. మూడో దెబ్బకే స్క్రూలు అట్టను చీల్చుకుని ఊడొచ్చాయి. డాలు దొర్లుకుంటూ పోయి తబలా ముందు పడింది. పాపం, ఆ కుర్రాడు ఒట్టి చెయ్యి అడ్డుపెట్టి మిగతా యుద్ధం చేశాడు, మణికట్టు వాచిపోయింది. పందిరి వేసిన వడ్రంగి తాత ఆ డాలును తీసి, ముందువైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పాడు. "అట్టకు మొల కొడితే ఏమాగుతది బిడ్డా? కట్టెకు కొట్టాలె. అట్ట సూసెటోళ్లకు, కట్టె మోసెటోనికి" అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నేను డాలును వెనకవైపు నుంచే మొదలుపెడుతున్నాను.

అసలు డాళ్లు కూడా అంతే. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలోకి వెళితే దక్కనీ డాళ్లు కనిపిస్తాయి. గుండ్రంగా, కాస్త ఉబ్బుగా, ముఖాన నాలుగు బొడిపెలతో ఉంటాయి. ఆ బొడిపెలు అందం కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. నిజానికి వెనక చేతిపట్టీలు తగిలించే కడియాల కాడలు వాటిలోంచే బయటికి వస్తాయి. వాటిని ముందువైపు బిగించి, పైన పువ్వులా మూత వేస్తారు. వెనక రెండు పట్టీలు, పిడికిలి ఒరుసుకోకుండా మధ్యలో చిన్న మెత్త. ముందున్న అలంకారమంతా వెనకున్న పట్టు కోసం పుట్టిందే. గేదెతోలుతో, ఖడ్గమృగం తోలుతో, ఉక్కుతో కూడా వీటిని చేసేవారు. ఉక్కుదైతే రెండు మూడు కిలోలు తూగుతుంది.

మన మాటల్లోనూ ఆ చరిత్ర ఉంది. డాలు అన్నది ఉత్తరాది నుంచి వచ్చిన మాట. పాత కావ్యాల్లో కేడెము అంటారు, సంస్కృత ఖేటకం నుంచి వచ్చింది. ఇంకో పేరు ఫలకం. ఫలకమంటే చెక్క పలక అనీ అర్థం, డాలు అనీ అర్థం. మనం బడిలో అక్షరాలు దిద్దిన పలకకూ ఆ మాటే మూలం. డాలు ఒకప్పుడు చెక్కేనని ఆ పేరే చెబుతోంది.

ఇక పని. అరవై సెంటీమీటర్ల గుండ్రటి డాలు పెద్దవాళ్లకు సరిపోతుంది, పదేళ్ల పిల్లలకు నలభై అయిదు చాలు. అట్ట మీద మేకు, దారం, పెన్సిల్‌తో గుండ్రం గీసి, పదును కత్తితో ఒకేసారి కాకుండా మూడు నాలుగు గీతల్లో కోయాలి. ఇలాంటి గుండ్రాలు రెండు కావాలి. ఒకదాని అలలు నిలువుగా ఉంటే రెండోదానివి అడ్డంగా ఉండేలా అతికించాలి. అట్ట అలల వెంబడి తేలిగ్గా మడతపడుతుంది, అడ్డంగా పడదు. రెండూ ఎదురెదురుగా ఉంటే ఒకదాని బలహీనతను రెండోది కాస్తుంది. రోమన్ సైనికుల డాలు చేసిన తీరూ ఇదే. సిరియాలోని డ్యూరా యూరోపస్ తవ్వకాల్లో దొరికిన మూడో శతాబ్దపు డాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. పలచని చెక్క బద్దలను మూడు పొరలుగా, పొర పొరకూ అడ్డం తిప్పి అతికించి చేశారు దాన్ని. మన ప్లైవుడ్ రహస్యం అక్కడే ఉంది, మన ఫ్రిజ్ పెట్టె డాలు రహస్యమూ అదే.

ఉబ్బు తేవడమే అసలైన నేర్పు. బల్లపరుపు డాలు రంగం మీద పళ్లెంలా కనిపిస్తుంది. దీపం వెలుగు దాని మీద ఒకేలా పడుతుంది కాబట్టి కంటికి లోతు తెలియదు. ముందుగా అట్టను పీట మీద పెట్టి అప్పడాల కర్రతో రెండువైపులా ఒత్తాలి. లోపలి అలలు కాస్త అణిగి, వంచితే విరగకుండా వంగుతుంది. తర్వాత అంచు నుంచి మధ్య వైపు ఆరు చోట్ల కోతలు పెట్టాలి. మధ్యదాకా పోకూడదు, మూడింట రెండొంతులు చాలు. ఒక్కో కోత దగ్గర అంచును తొమ్మిది మిల్లీమీటర్ల మేర ఒకదానిపై ఒకటి ఎక్కించి అతికిస్తే గుండ్రం దానంతటదే గిన్నెలా లేస్తుంది. ఆరు చోట్లా కలిపి చుట్టుకొలతలో తగ్గేది అయిదున్నర సెంటీమీటర్లు మాత్రమే, కానీ మధ్యలో దాదాపు ఆరు సెంటీమీటర్ల ఉబ్బు వస్తుంది. అంత చిన్న కుదింపుకు అంత లోతు రావడం చూసి, కోతలు పెట్టిన పిల్లలు ప్రతిసారీ ఆశ్చర్యపోతారు. రెండో గుండ్రం కోతలు మొదటిదాని కోతల మీద పడకూడదు. తాపీ పనిలో ఇటుక జాయింటు మీద జాయింటు రానివ్వనట్టే.

చిన్న డాలుకు ఇంకో దారి ఉంది. మేస్త్రీలు సిమెంటు మోసే గమేళాను బోర్లించి, ప్లాస్టిక్ కవరు కప్పి, దాని మీద పేపరు ముక్కలు ఎనిమిది పొరలు అతికిస్తే సరి. ఆరాక ఊడదీస్తే అచ్చం దక్కనీ డాలు ఆకారమే. కాకపోతే చవితి రోజుల్లో వాన ముసురు పట్టుకుంటే ఫ్యాను కింద రెండు రోజులైనా ఆరదు. వేసవిలో చేసి దాచుకోవడం మంచిది.

అతికించడానికి ఫెవికాల్ ఉంది, నిజమే. అయినా పేపరు పొరలకు నేను ఇప్పటికీ మైదా లైనే వాడతాను. పొయ్యి మీద కలుపుతూ ఉడికించి, జావలా అయ్యాక దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పూయాలి. బైండింగ్ పనివాళ్లు పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో వేయకండి. పేపరు రెండువైపులా అతికించాలన్నది మరవకూడదు. ఒక్కవైపే అతికిస్తే ఆ పేపరు ఆరుతూ ముడుచుకుని అట్టను తనవైపు లాక్కుంటుంది, తెల్లారేసరికి డాలు చేటలా వంకర తిరిగి ఉంటుంది.

ఇప్పుడు చెక్క. వడ్రంగి తాత చెప్పిన మోసే భాగం ఇదే. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మూడు సెంటీమీటర్ల వెడల్పున్న వలయం ఒకటి కోయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అట్ట గుండ్రం వ్యాసార్ధం ముప్ఫై కదా అని వలయాన్నీ ముప్ఫైకే కోస్తారు. అట్ట ఉబ్బాక అంచు లోపలికి జరిగి ఇరవైతొమ్మిదికి వస్తుంది, వలయం బయట మిగిలిపోతుంది. అందుకే అట్టను ఉబ్బించాకే కొలిచి చెక్క కోయాలి. వలయానికి అడ్డంగా రెండు రీపర్లు, అంగుళం వెడల్పు, అర అంగుళం మందం, నిలువుగా సమాంతరంగా బిగించాలి. ఒకదానికి పిడి, రెండోదానికి ముంజేతి పట్టీ. రీపర్లకూ అట్టకూ మధ్య మిగిలే సందులో చెక్కముక్కలు పేర్చి అతికించాలి, లేకపోతే దెబ్బ పడ్డచోట డాలు లోపలికి పోతుంది.

రెండు రీపర్ల మధ్య దూరం ఎంతో టేపు చెప్పదు, డాలు పట్టేవాడి చెయ్యి చెబుతుంది. నటుణ్ని పిలిచి మోచెయ్యి మడవమని, పిడికిలి బిగించమని చెప్తాను. మోచేతి మడతకు నాలుగు వేళ్లు ఇవతల పట్టీ రావాలి, పిడికిలి ఉన్నచోట పిడి రావాలి. పెద్దవాళ్లకు ఇది ఇరవైరెండు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. డాలు నడిమధ్య భాగం ముంజేతి నడిమధ్యకు రావాలి, అప్పుడే బరువు ఒకవైపు లాగదు. పట్టీ మరీ బిగువుగా ఉండకూడదు. పడిపోబోయినవాడు చెయ్యి లాక్కోగలగాలి. పాత బెల్టు ముక్క ఇందుకు బాగా పనికొస్తుంది. పిడికి ఎండిన వెదురు ముక్క, దాని మీద గుడ్డ చుట్ట. అంతా అయ్యాక డాలు కిలో దాటిందంటే ఎక్కడో ఎక్కువ వాడానని అర్థం.

ముందువైపు పని కూడా ఉంది. చేతికి ఊరట ఇచ్చే పని అది. నడిమి బొడిపెకు కొబ్బరి చిప్ప, చుట్టూ నాలుగింటికి సీసా మూతలు. అతుకుల్లో నింపడానికి వడ్రంగి దుకాణంలో దొరికే రంపపు పొట్టును జల్లెడ పట్టి బంకలో కలిపిన ముద్ద. ఈ ముద్ద నాదని చెప్పుకోలేను. కొండపల్లి బొమ్మలవాళ్లు పొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కు అంటారు, పొనికి చెక్క ముక్కలను దానితోనే కలుపుతారు. చేర్యాల నకాషీలు కొబ్బరి చిప్ప మీద పొట్టు, చింతగింజల బంక పట్టించి ముసుగులు చేస్తారు. చిందు యక్షగాన కళాకారుల కిరీటాలూ భుజకీర్తులూ తేలికైన పొనికి చెక్కవే. రాత్రంతా తలమీద మోస్తూ అడుగులు వేసేవాళ్లకు బరువంటే ఏమిటో తెలుసు. 1885లో మొదలై ఇప్పటికీ ఆడుతున్న సురభి నాటకాలు చూసినప్పుడూ నా కళ్లు ఆయుధాల మీదికే పోతాయి. దగ్గర్నుంచి చూస్తే అట్ట, చెక్క, రంగు. పదో వరస నుంచి చూస్తే ద్వాపరయుగం.

రంగు విషయంలో నాది ఒక్కటే పట్టుదల. మెరిసే ఎనామిల్ వద్దు. స్టేజి లైటు దాని మీద పడితే తెల్లటి మచ్చ కనిపిస్తుంది గానీ డాలు కనిపించదు. సుద్ద, ఫెవికాల్ కలిపి ఒక పూత, మీద వెండి రంగు పలచగా, అది ఆరాక నీళ్లలో కలిపిన నలుపు రాసి వెంటనే గుడ్డతో తుడిచేయాలి. మూలల్లో, బొడిపెల చుట్టూ నలుపు నిలిచిపోయి పాతకాలపు ఇనుములా అవుతుంది. అంచుకు నిలువునా చీల్చిన పాత సైకిల్ ట్యూబు తొడిగితే ఎవరి మొహానికి తగిలినా గీసుకోదు.

నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో ఉండటంతో ఈ ప్రాంతంలో కిరీటాలు, గదలు, డాళ్ల ముచ్చట్లకు కొదవ లేదు. 1977 సంక్రాంతికి ఆయన మూడు వేషాలు వేసి, తనే దర్శకత్వం వహించిన 'దానవీరశూరకర్ణ' వచ్చాక పిల్లలకు అట్టకిరీటం కట్టని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదేమో. అయితే సినిమా డాలు వేరు, నాటకం డాలు వేరు. కెమెరా దగ్గరికి వస్తుంది కాబట్టి సినిమా డాలుకు ముఖం బాగుండాలి. షాటు అయ్యాక దాన్ని అందుకునేవాడు పక్కనే ఉంటాడు. నాటకంలో ఎవరూ అందుకోరు. నలభై నిమిషాలు పద్యం పాడుతూ, తిరుగుతూ, ఆ చెయ్యే దాన్ని మోయాలి. భుజం లాగేస్తుంటే గొంతులో వీరరసం రాదు.

రిహార్సల్లో నేను చెప్పేది ఒకటే. కత్తి పట్టినవాడు డాలు మధ్యలో, రీపర్లున్న చోటే కొట్టాలి. అక్కడ కొడితే 'ఠప్' మని చెక్క చప్పుడు వెనక వరసదాకా వినిపిస్తుంది. పక్కన కొడితే అట్ట 'దబ్' మంటుంది, యుద్ధం తేలిపోతుంది. గుర్తుకోసం ముందువైపు ఆ రెండు గీతల మీదుగానే లతలు గీస్తాను. చూసేవాళ్లకు అది అలంకారం. కొట్టేవాడికి గురి. డాలు పట్టినవాడికి భయం లేకపోవడం.

ఎనిమిదేళ్ల కిందటి డాలొకటి ఇప్పటికీ మా మెట్ల కింద గోడకు ఆనించి ఉంది. ముందు వెండి రంగు మూడుసార్లు మారింది. వెనక పట్టీ రీపరు పక్కన పాత స్క్రూ రంధ్రాలు మూడు జతలున్నాయి, వేర్వేరు పిల్లల చేతుల కొలతకు జరిపినప్పుడు మిగిలినవి. ఒక్కో జత పక్కన పెన్సిల్‌తో ఒక పేరు రాసి ఉంది. ఈసారి రుద్రమ వేసే అమ్మాయి ముంజెయ్యి వాళ్లందరికంటే పొట్టి. రేపు వచ్చి పిడికిలి బిగిస్తే నాలుగో జతకు రంధ్రం పెట్టాలి.