చేదు గింజ

మొన్నొక సమావేశంలో మిర్చి బజ్జీల పళ్ళెం కోసం ఎదురుచూస్తుంటే, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి. లోపల బాదం, అక్రోటు, జీడిపప్పు కలిపి గుప్పెడు. పైన చీటీ: 30 గ్రాములు. ఒళ్ళు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పక్షం తెలిసిందే. శెనక్కాయ దొరికేచోట బాదం జోలికి పోను. 100 గ్రాముల వేరుశెనగ గింజల్లో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, బాదంలో 21. అయినా దాన్ని ‘పేదవాడి బాదం’ అని పిలిచి, ఏదో గౌరవించామనుకుంటారు! అసలది కంది, పెసరల చుట్టం. బాదంతో దానికి బీరకాయ పీచు సంబంధం కూడా లేదు.

అనంతపురం ఎర్రనేలల్లో పెరిగినవాడికి అది చిరుతిండి కాదు, ఊరి బతుకు. పసుప్పచ్చ పువ్వు పైన పూస్తుంది, ఊడ నేలలోకి దిగి అక్కడ కాయ కడుతుంది. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. పంట చేతికొచ్చిన ఏడు, పీకిన చెట్ల నుంచి పచ్చికాయలు తెంపి, మట్టి కడిగి, రాళ్ళుప్పేసి ఉడకబెట్టేది మా అవ్వ. నీళ్ళు వంచేదాకా ఆగేవాళ్ళం కాదు. ఎండుకాయల దగ్గర మాత్రం ఆమె మహా కఠినం. వొలిచిన గింజలు చాటలో పోసి, ముడుచుకుపోయినవీ నల్లబడినవీ ఏరి పారేసేది. కోళ్ళకేస్తామన్నా వెయ్యనిచ్చేది కాదు.

1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. చివరికి మేతలో కలిపిన వేరుశెనగ పిండి దగ్గర తేలింది కారణం. సరిగా ఆరని గింజలకి పట్టే బూజు వదిలే విషం అది, పేరు అఫ్లాటాక్సిన్. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

ఇదంతా గుర్తొచ్చాక డబ్బా మీద కోపం నిలవలేదు. గోనెసంచిలో ఎన్నాళ్ళుగా మగ్గుతున్నాయో తెలియని గింజలకన్నా, తేదీ వేసిన డబ్బా నయమే. ఆ 30 గ్రాముల కొలతనీ తప్పు పట్టలేను. శెనక్కాయలైనా అంతకే 170 కేలరీలు; పొట్లం విప్పితే అడుగు కనబడేదాకా ఆగని చెయ్యి నాది. అందుకే కాయలు కొని వొలుచుకు తినడం మేలు. చెయ్యీ నెమ్మదిస్తుంది, ప్రతి గింజా కంటపడుతుంది.

ఇంకొకటి. చేదు గింజ తగిలితే, నలుగురిలో బాగుండదని, మరో నాలుగు నోట్లో వేసుకుని మింగేస్తాం. ఉమ్మేయండి.